టైఫాయిడ్ అవునో కాదో తేల్చుకోవడం ఎలా: వైడల్ చీటీ నుంచి కల్చర్ రిపోర్టు దాకా

నాలుగు రోజులైనా జ్వరం దిగకపోతే మన దగ్గర జరిగేది దాదాపు ఒకటే. పొద్దున వైడల్ టెస్టు, సాయంత్రానికి ‘టైఫాయిడ్ పాజిటివ్’ అన్న చీటీ, ఒక సెలైన్, ఐదు రోజుల మాత్రలు. ఆ చీటీతో టైఫాయిడ్ ఉందని తేలినట్టు కాదు. తేల్చాల్సింది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. అది ఏ రోజు ఇవ్వాలి, ఎంత రక్తం ఇవ్వాలి, రిపోర్టులో ఏ వరుసను నమ్మాలి, దేన్ని వదిలేయాలి అన్నవన్నీ టైఫాయిడ్ క్రిమి మనిషి ఒంట్లో బతకడానికి అలవరచుకున్న పద్ధతిని బట్టే ఉంటాయి. అందుకని ముందు దాని సంగతి.

దాక్కుని బతికే క్రిమి

సాల్మొనెల్లాల్లో చాలా రకాలు కోళ్లకూ పశువులకూ మనుషులకూ సోకుతాయి. సరిగా ఉడకని గుడ్డు తిన్న మర్నాడు వాంతులు, విరేచనాలు పట్టుకునేది వాటివల్లే. పేగులో వాపు రేపి, ఆ గొడవలో అక్కడి మామూలు బ్యాక్టీరియాను పక్కకు నెట్టి పెరగడం వాటి ఎత్తు. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫి ఆ దారి వదిలేసింది. సహజంగా అది మనిషికి తప్ప మరే ప్రాణికీ సోకదు. వియత్నాంలో ఒక రోగి నుంచి తీసిన సీటీ18 అనే రకం జన్యుపటం 2001లో వెలువడింది. అందులో 200కు పైగా జన్యువులు చెడిపోయి ఊరికే పడి ఉన్నాయి. పేగులో నెగ్గుకురావడానికి పనికొచ్చేవీ వాటిలో ఉన్నాయి. ఇల్లు మారినవాడికి పాత ఇంటి తాళంచెవులతో పనేముంది?

పోగొట్టుకున్నవి అవైతే, సంపాదించుకున్న వాటిలో ముఖ్యమైనది వీఐ అనే చక్కెర పొర. రోగనిరోధక కణాలు గుర్తుపట్టే బయటి అణువులను ఇది దుప్పటిలా కప్పేస్తుంది. ఈ పొరను తయారుచేయించే స్విచ్చే, క్రిమి ఈదడానికి వాడే కశాభాల తయారీని కూడా తగ్గించేస్తుంది. ఒంటికి ప్రమాదం వెంటనే తెలియదు. అందుకే టైఫాయిడ్‌లో జ్వరం మెట్లెక్కినట్టు రోజురోజుకూ పెరుగుతుంది, పెద్దవాళ్లలో చాలామందికి విరేచనాలకు బదులు మలబద్ధకం ఉంటుంది. ఈలోగా క్రిమి, తనను మింగిన తెల్లకణాల్లోనే కాపురం పెట్టి కాలేయానికీ, ప్లీహానికీ, ఎముక మజ్జకూ చేరుతుంది.

రక్తం ఎప్పుడు, ఎంత

కణాల్లో దాక్కునే క్రిమి రక్తంలో పల్చగానే దొరుకుతుంది. పెద్దవాళ్లలో మిల్లీలీటరుకు ఒకటో, అంతకన్నా తక్కువో ఉంటుంది. 2 మి.లీ. రక్తం తీసి కల్చర్‌కు పంపితే చెరువులో చెంబు ముంచి చేప కోసం చూసినట్టే. పెద్దవాళ్లకు ఒక్కో బాటిల్‌లో 8 నుంచి 10 మి.లీ. పడాలి. వీలైతే రెండు చేతుల నుంచి రెండు బాటిళ్లు. పిల్లల బాటిల్ వేరు, దానికి 1 నుంచి 3 మి.లీ. చాలు. కల్చర్ తప్పడానికి ల్యాబ్ కన్నా చాలీచాలని రక్తమే ఎక్కువసార్లు కారణమవుతుంది.

మొదటి యాంటీబయాటిక్ మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వండి. జ్వరం మొదలైన తొలి వారం అన్నిటికన్నా మంచి సమయం. డాక్టరు ఇప్పుడే మందు రాస్తే, కల్చర్ ఇచ్చేసి అదే గంటలో మొదలుపెట్టవచ్చు. ఫలితం వచ్చేదాకా మందు ఆపాల్సిన పని లేదు.

సూది గుచ్చే చోట క్లోర్‌హెక్సిడిన్ కలిసిన ఆల్కహాల్‌తో 30 సెకన్లు రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరాక నరం కోసం మళ్లీ వేలితో తడిమితే చేసిందంతా వృథా. బాటిల్ ప్లాస్టిక్ మూత తీసినంత మాత్రాన కింది రబ్బరు శుభ్రంగా ఉన్నట్టు కాదు, దాన్నీ 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. వేరే పరీక్షలూ ఉంటే ముందు కల్చర్ బాటిల్ నింపి, తర్వాతే మిగతా ట్యూబులు. బాటిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ల్యాబ్‌కు చేరడం ఆలస్యమైతే గది వేడిలోనే ఉంచాలి.

యంత్రం బాటిల్‌ను 5 రోజులు గమనిస్తుంది. టైఫి చాలావరకు ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. 24 గంటలకు ‘నో గ్రోత్’ అని వచ్చే మెసేజీ మధ్యంతర రిపోర్టు మాత్రమే. అయిదో రోజున కూడా అదే మాట వచ్చినా టైఫాయిడ్ లేదని గట్టిగా చెప్పలేం. అన్నీ సరిగా చేసినా బ్లడ్ కల్చర్ పట్టేది టైఫాయిడ్ రోగుల్లో 60 శాతం దాకానే. ఎముక మజ్జ కల్చర్ ఇంకా ఎక్కువమందిలో పడుతుంది గానీ, మజ్జ తీయడం నొప్పితో కూడిన పని కాబట్టి చాలా అరుదుగా చేస్తారు. రిపోర్టులో ‘కోయాగ్యులేజ్ నెగెటివ్ స్టాఫిలోకాకస్’ అని కనిపిస్తే, చాలాసార్లు అది చర్మం మీది క్రిమి బాటిల్‌లో పడిందని అర్థం.

ల్యాబ్ బల్ల మీద కూడా ఇది దాక్కుంటుంది. పరీక్ష ట్యూబులో తోటి సాల్మొనెల్లాలు గ్యాస్ బుడగలు తెప్పించి నల్లగా చేస్తే, టైఫి గ్యాస్ లేకుండా మీసంలా సన్నటి నల్ల గీత మాత్రం వదులుతుంది. క్రిమిని గుర్తుపట్టే యాంటీబాడీలున్న ‘ఓ’ రకం యాంటీసీరంతో కలిపితే ఒక్కోసారి రేణువులు కట్టదు. వీఐ పొర అడ్డుపడటమే కారణం. ఆ కలకను మరిగే నీళ్లలో పెట్టి, చల్లార్చి, మళ్లీ కలిపితే వెంటనే రేణువులు కడుతుంది. మొదట ‘సాల్మొనెల్లా జాతి’ అని, మర్నాడు ‘టైఫి’ అని రిపోర్టు మారితే కంగారుపడకండి. చాలాసార్లు మధ్యలో జరిగేది ఇలాంటి పనే.

వైడల్‌ను ఎంతవరకు నమ్మాలి

ఈ పరీక్ష పుట్టింది 1896లో. ఓ, హెచ్ అనే రెండు రకాల యాంటీబాడీల మోతాదు చూస్తుంది. అవి తయారవడానికి వారం పడుతుంది కాబట్టి మూడో రోజున నెగెటివ్ వస్తే దానికి అర్థం లేదు. పాత జ్వరం, వేరే సాల్మొనెల్లా, మలేరియా వల్ల కూడా పాజిటివ్ రావచ్చు కాబట్టి 1:80 అని ఒక్కసారి వస్తే దానికీ అర్థం లేదు. 7 నుంచి 10 రోజుల తేడాతో రెండు నమూనాలు ఇచ్చి, టైటర్ (ఆ యాంటీబాడీల మోతాదు చూపే అంకె) నాలుగు రెట్లు, అంటే 1:80 నుంచి 1:320కి పెరిగితేనే లెక్క. అప్పటికి జ్వరమే తగ్గిపోయి ఉంటుంది. మా మాటగా చెప్పాలంటే, రెండుసార్లు చేయించే ఉద్దేశం లేకపోతే ఆ డబ్బు కల్చర్‌కు పెట్టడం మేలు.

సెన్సిటివిటీ వరుసలు

కల్చర్‌లో దొరికిన క్రిమి మీద ఏ మందు పనిచేస్తుందో చెప్పే వరుసలివి. ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. ఎస్ అంటే మందు పనిచేస్తుంది, ఆర్ అంటే చేయదు. మధ్యలో ఐ. పక్కన ఎంఐసీ అని ఒక అంకె ఉంటుంది, క్రిమిని పెరగకుండా ఆపడానికి కావాల్సిన కనీస మోతాదు అది. సిప్రోఫ్లాక్సాసిన్‌కు టైఫి విషయంలో గీత చాలా కిందికి ఉంటుంది: 0.06 లేదా తక్కువైతే ఎస్, 0.12 నుంచి 0.5 దాకా ఐ, 1 లేదా ఎక్కువైతే ఆర్. మిగతా పేగు బ్యాక్టీరియాకు వాడే గీత 0.25. ల్యాబ్ పొరపాటున ఆ గీత పెట్టుకుంటే 0.25 వచ్చిన టైఫిని ఎస్ అని రాసేస్తుంది, రోగికి మాత్రం జ్వరం తగ్గదు. అజిత్రోమైసిన్‌కు 16 వరకు ఎస్, సెఫ్ట్రియాక్సోన్‌కు 1 వరకు ఎస్. అంకె చిన్నదైనంత మాత్రాన ఆ మందు గొప్పదని కాదు. ఒక మందు ఎంఐసీని మరో మందు ఎంఐసీతో పోల్చకూడదు.

జెంటామైసిన్, అమికాసిన్ ఎదురుగా ఎస్ కనిపిస్తే దాన్ని పట్టించుకోకండి. ప్లేటు మీద అవి టైఫిని చంపుతాయి. ఒంట్లో క్రిమి కణాల లోపల ఉంటుంది, అక్కడ ఈ మందులు పనిచేయవు. సెఫాలెక్సిన్, సెఫ్యూరాక్సిమ్‌దీ అదే కథ. జాగ్రత్తగల ల్యాబ్‌లు టైఫి రిపోర్టులో ఆ వరుసలే రాయవు.

ఈ వరుసల వెనక డెబ్బై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చాక టైఫాయిడ్ లొంగిందనుకున్నారు. 1972లో మెక్సికోలో, కేరళలో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ చెలరేగింది. 1980ల చివరికి క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ మూడింటినీ ఒకేసారి తట్టుకునే రకాలు వచ్చాయి. మందును తట్టుకునే ఆ జన్యువులన్నీ ఒకే ప్లాస్మిడ్ (ఒక బ్యాక్టీరియా నుంచి మరో దానికి చేరగల చిన్న డీఎన్ఏ వలయం) మీద కట్టగట్టి ప్రయాణించాయి. సిప్రో విషయంలో ప్లాస్మిడ్ అవసరం కూడా రాలేదు, ఆ మందు దెబ్బకొట్టే జైరేజ్ అనే ఎంజైము జన్యువులో ఒక్క అక్షరం మారితే ఎంఐసీ పెరిగింది. 2016లో పాకిస్తాన్‌లోని సింధ్‌లో, మన హైదరాబాద్ పేరే ఉన్న మరో హైదరాబాద్‌లో, సెఫ్ట్రియాక్సోన్‌కూ లొంగని రకం బయటపడింది. మరోవైపు మన దేశంలో సిప్రో వాడకం పెరిగి పాత మందుల వాడకం తగ్గడంతో, కోట్రైమాక్సజోల్ వరుసలో మళ్లీ ఎస్ కనబడుతోంది. డాక్టరు పాతకాలం మాత్ర రాశారని అనుమానించకముందు రిపోర్టు చూడండి.

మందు మొదలయ్యాక

సరైన మందు పడినా జ్వరం దిగడానికి 4 నుంచి 6 రోజులు పడుతుంది. రెండో రోజున ఇంకా 102 ఉందని మందు మార్పించవద్దు. తగ్గింది కదా అని మధ్యలో ఆపవద్దు. అజిత్రోమైసిన్ సాధారణంగా 7 రోజులు, సెఫ్ట్రియాక్సోన్ 10 నుంచి 14 రోజులు. ఉన్నట్టుండి తీవ్రమైన కడుపునొప్పి, పొట్ట బిగుసుకోవడం, నల్లటి లేదా రక్తపు విరేచనం, మగతగా పడి ఉండటం కనిపిస్తే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. మూడో వారం ప్రాంతంలో చిన్నపేగు చివరి భాగంలోని గ్రంథులు పుండ్లుపడి చిల్లుపడే ప్రమాదం ఉంది. తగ్గిన రెండు మూడు వారాలకు జ్వరం తిరగబెడితే పాత మాత్రలే మళ్లీ వేసుకోకుండా కొత్తగా కల్చర్ ఇవ్వండి.

కొందరిలో క్రిమి పిత్తాశయంలో, ముఖ్యంగా రాళ్ల మీద జిగురుపొర కట్టుకుని ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మనిషికి ఏ బాధా ఉండదు, మలంలో మాత్రం క్రిమి పోతూ ఉంటుంది. వంటపని చేసేవాళ్లయితే మందులు ఆపిన వారం తర్వాత 48 గంటల తేడాతో మూడు మల నమూనాలు కల్చర్‌కు ఇవ్వాలి.

టీకాలోనూ వాడేది ఆ వీఐ పొరనే. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత 2017 డిసెంబరులో వచ్చింది. 6 నెలల వయసు దాటిన పిల్లలకు ఒక్క డోసు. టీకా వేసుకున్నాక కూడా కల్చర్‌లో ‘పారాటైఫి ఏ’ (ఇలాంటి జ్వరమే తెచ్చే మరో సాల్మొనెల్లా) అని వస్తే టీకా విఫలమైందని అనుకోకండి. ఆ క్రిమికి వీఐ పొరే ఉండదు.