జాతర వేషాలకు, పెళ్లి ముస్తాబులకు ముందు

తిరుపతిలో మే నెల వచ్చిందంటే తాతయ్యగుంట గంగమ్మ జాతర. పెళ్లి ముహూర్తాలూ తరచుగా అప్పుడే పడతాయి. ఏడాది మొత్తంలో ఒంటికీ ముఖానికీ ఎక్కువగా పూసుకునేది ఈ రోజుల్లోనే, అదీ చెమట ధారలు కట్టే ఎండలో. బైరాగి వేషానికి నామంకొమ్ము (నామాలు పెట్టుకునే తెల్లసుద్ద), బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం. నుదుట బొట్టు పెట్టుకోవడం వేరు, మెడ నుంచి పాదాల దాకా పట్టించుకుని పూటంతా తిరగడం వేరు.

మా చెల్లెలి కొడుక్కి తొమ్మిదేళ్లప్పుడు మొక్కు తీర్చడానికి బండ వేషం వేయించాం. మధ్యాహ్నానికి "పెద్దమ్మా, మండుతోంది" అని ఏడుపు మొదలుపెట్టాడు. కడిగి చూస్తే మెడ మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రటి దద్దుర్లు. చెమట నిలిచిన చోటల్లా అవే. కుంకుమ పొట్లం వెతికి తీశాను. దాని మీద "సహజ మూలికలతో తయారైనది" అని పెద్ద అక్షరాలు, పక్కన తులసి ఆకు బొమ్మ. తయారుచేసిన వారి పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. అంత బాగా అచ్చువేసిన బొమ్మను చూసి కొన్నది నేనే. అప్పటి నుంచి పొట్లం ముందువైపు చదవడం మానేశాను, వెనక్కి తిప్పి చదువుతున్నాను.

మంచి కుంకుమకు మూలం పసుపు. సున్నం తగిలితే అది ఎర్రబడుతుంది, కొందరు వెలిగారం, పటిక, నిమ్మరసం కలిపి చేస్తారు. చవక కుంకుమలో పసుపు ఉండదు, పిండికి అద్దకపు రంగు పట్టిస్తారు. తడిపిన తెల్లగుడ్డ మీద చిటికెడు వేసి రుద్దండి. మెరిసే గులాబీ రంగు పాకితే దాన్ని ఒంటికి రానివ్వకండి. ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన పూర్తిగా నమ్మడానికీ లేదు. రంగుల్లో సీసం ఉంటే కంటికి కనిపించదు, ఇలాంటి ఇంటి పరీక్షకు దొరకదు. అందుకే పేరూ చిరునామా లేని పొట్లం కొనవద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను. సున్నంతో చేసిన అసలైన కుంకుమ కూడా పసిపిల్లల చర్మాన్ని మండించగలదు. చిన్నపిల్లలకైతే నుదుటికీ చేతులకూ కాస్త రాసి వేషం అనిపించండి, అమ్మవారు కోపగించుకోదు.

ఇక సీసాల సంగతి. ఎర్రచందనం మన శేషాచలం చెట్టు కాబట్టి ఆ పేరుతో సబ్బులు, ముఖానికి పూసే పొడులు ఇక్కడ బాగా అమ్ముడుపోతాయి. ఎర్రచందనానికి శ్రీగంధంలాంటి పరిమళం ఉండదు. "ఎర్రచందనం సువాసన" అని రాసి, మూత తీయగానే గుప్పుమంటే ఆ వాసన బయటి నుంచి కలిపిందే. కలబంద జెల్ కూడా అంతే. ఇంట్లో మట్టను చీల్చి చూడండి, లోపలి గుజ్జు నీళ్లలా తేటగా ఉంటుంది. చిలకపచ్చ జెల్ చేతికొస్తే వెనకవైపు చూడండి. మొదట నీరు, చివర్లో సువాసన ద్రవ్యం, ఆపైన "సిఐ 19140" వంటి అంకె. అది కలిపిన రంగును గుర్తించే సంఖ్య.

2020 సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వైపు వరుసగా రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరుసలోనైనా రాయవచ్చు. ముందువైపు ఫొటోలో వెలిగిపోతున్న కుంకుమపువ్వు వెనక జాబితా చివర్లో ఉంటే అది బొమ్మ కోసం వేసినదే. తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, ఎప్పటిలోగా వాడాలో తేదీ లేకపోతే అక్కడే పెట్టేసి రండి. "ప్రిజర్వేటివ్‌లు లేవు" అన్న మాట విని సంతోషపడకండి. తడి ఉన్న చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటిని ఆపేది ఆ ప్రిజర్వేటివ్‌లే. ఇంట్లో కలిపిన నలుగుపిండినీ, ఉబ్టన్‌నూ నీళ్లు పోశాక ఆ రోజే వాడి పారేయాలి.

పెళ్లికూతుళ్ల విషయంలో నాకు అన్నిటికన్నా భయం గోరింటాకు కోన్లంటే. మన పెరటి గోరింటాకు మొదట నారింజ రంగుగా పండి, ఒకటి రెండు రోజుల్లో ముదిరి ఎర్రబడుతుంది. ఎంత బాగా పండినా కారునలుపు కాదు. "గంటలో నల్లగా పండే సహజ మెహందీ" అని ఎవరైనా అంటే అందులో పారాఫినిలీన్‌డయమీన్ ఉండి ఉండవచ్చు. అది జుట్టు రంగుల్లో వాడే రసాయనం, చర్మం మీద పెట్టేది కాదు. డిజైను గీసిన గీతల వెంటే బొబ్బలు లేస్తాయి. ఒకసారి పడకపోతే ఆ తర్వాత జుట్టుకు రంగు వేసినా ఒళ్లు తిరగబడవచ్చు, అది జీవితాంతం వెంటాడవచ్చు. ఆకు రుబ్బి పెట్టుకోండి, లేదా ఎదురుగా కలిపి కోను చుట్టేవారి దగ్గర పెట్టించుకోండి.

వారంలో తెల్లబరిచే "మూలికా" క్రీములనైతే ఇంటికి తేనే వద్దు. పాదరసమో స్టెరాయిడో లేకుండా అంత త్వరగా తెలుపు రాదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లినా చర్మం కాలి నల్లటి మచ్చలు మిగులుతాయి.

ఏదైనా కొత్తది వాడాలంటే వేడుకకు వారం ముందే మోచేతి మడతలో రూపాయి బిళ్లంత రాసి రెండు రోజులు చూడండి. పడకపోవడం చాలాసార్లు రెండో రోజునే బయటపడుతుంది. వేషం తీసేటప్పుడు పీచుతో గట్టిగా తోమకండి. కొబ్బరినూనె రాసి మెత్తని గుడ్డతో తుడిచాక నీళ్లు పోయండి. దద్దుర్లు వస్తే పసుపో మరో క్రీమో పైన పూయకండి. పెదవులు, కళ్లు వాచినా, ఊపిరి అందకపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. మామూలు దురద తగ్గకపోతే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి, తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఆ పొట్లం వెంట తీసుకెళ్లండి. తప్పుడు ప్రకటన మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేసేటప్పుడు కూడా అది, కొన్న రసీదు చేతిలో ఉండాలి.