షుగర్ రిపోర్టు చదవడం నేర్చుకుందాం, 4వ పాఠం: నూనె మానేసినా కొవ్వెందుకు పెరిగింది?

పోయిన పాఠంలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర) చూశాం. ఈసారి లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష కాగితం ముందు పెట్టుకుని, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) అన్న వరుస మీద వేలు పెట్టండి.

నా ముందున్నది హన్మకొండలో ఉండే మా మేనత్త కాగితం. ట్రైగ్లిజరైడ్లు 285. పరగడుపున 150 లోపు ఉండాలి. కింద వీఎల్‌డీఎల్ (కాలేయం నుంచి ఈ కొవ్వును రక్తంలోకి మోసుకొచ్చే కణాలు) 57. దీన్ని చాలా ల్యాబులు విడిగా కొలవవు, పై అంకెను 5తో భాగించి వేస్తాయి. భాగించి చూడండి, సరిపోతుంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే మాత్రం ఈ లెక్క పనికిరాదు.

"నూనె ముట్టక ఆర్నెల్లాయె బిడ్డా, మరి ఈ కొవ్వు యాడికెల్లొచ్చింది?" అనడిగింది అత్త. నిజమే, ఆమె కూరలో నూనె కనబడదు. కానీ మూడు పూటలా పచ్చిపులుసు పోసుకుని కంచం నిండా అన్నం. ఆ అన్నమే కొవ్వుగా మారుతోంది.

ఎట్లాగో చూద్దాం, ఈ పాఠానికి ఇదే ప్రాణం. కాలేయ కణానికి ఇన్సులిన్ రెండు పనులు చెబుతుంది: గ్లూకోజు తయారీ ఆపు, మిగిలిన పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చు. టైప్ 2 షుగర్‌లో కణం మొదటి మాట పెడచెవిన పెడుతుంది, రెండోది మాత్రం వింటూనే ఉంటుంది. దాంతో రక్తంలో చక్కెరా పెరుగుతుంది, కొవ్వూ పెరుగుతుంది. కొవ్వు తయారయ్యేటప్పుడు మధ్యలో పుట్టే మెలోనైల్ కోఏ అనే పదార్థం, కొవ్వును కాల్చే మైటోకాండ్రియా వాకిలి మూసేస్తుంది. అంటే తయారీ జరుగుతున్నంతసేపూ కాల్చడం మందగిస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది. ఒంట్లో నిలవున్న కొవ్వుకు ఇన్సులిన్ తాళంలాంటిది. ఆ తాళం వదులైతే కొవ్వు ఆమ్లాలు కారి కాలేయానికి చేరతాయి. కాలేయంలో పేరుకునే కొవ్వులో పెద్ద వాటా వీటిదే.

అన్నం మానేసి జొన్నరొట్టెకు మారితే చాలంటారు చాలామంది. నేను ఒప్పుకోను. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాముల దాకా ఉంటే, జొన్నల్లో 70కి అటూఇటూ. పీచు ఎక్కువ కాబట్టి జొన్న మేలే. కానీ నాలుగు రొట్టెలు తింటే ఆ మేలు మిగలదు. రొట్టె రెండుకు తగ్గించి, పక్కన గిన్నెడు పప్పు, ఆకుకూర పెట్టుకుంటేనే తేడా తెలుస్తుంది.

ఇక నడక. కండరం కదిలితే ఏఎంపీకే అనే మీట పడుతుంది. మెలోనైల్ కోఏ తగ్గి, మూసుకున్న వాకిలి తెరుచుకుంటుంది. దీనికి ఇన్సులిన్ అనుమతి అక్కర్లేదు. అందుకే అత్తను సాయంత్రం భద్రకాళి బండ్ మీదికి తీసుకెళ్తున్నాను. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు జేబులో చక్కెర పొట్లం తప్పక పెట్టుకోండి. మందులు సొంతంగా మార్చొద్దు. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే క్లోమగ్రంథికి ప్రమాదం, వెంటనే డాక్టరును కలవండి.

ఈ వారం అభ్యాసం: మీ ఇంట్లో బియ్యం కొలిచే గ్లాసును తూకం వేసి, ఎన్ని గ్రాములు పడుతుందో రాసుకోండి. మూడు రోజులు మీ ఒక్కరి వంతు ఎంతో లెక్కగట్టండి. వచ్చే పాఠంలో హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) వరుస చూసేటప్పుడు ఆ కాగితం కావాలి.