వేరే ఊళ్లో చిన్న విమానం అద్దెకు తీసుకోవాలంటే

పోయిన వేసవిలో మా అమ్మానాన్న భీమవరం నుంచి వచ్చారు. నెల రోజులు టెక్సస్‌లో నా దగ్గరున్నాక, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే మా అక్క దగ్గరికి వెళ్లారు. చిన్నకూతురు నడిపే విమానంలో కూర్చుని స్టాట్యూ ఆఫ్ లిబర్టీని పైనుంచి చూడాలని నాన్న కోరిక. నేను రోజూ నడిపే సెస్నా 172 డాలస్ పక్కన మెకిన్నీలో ఉంటుంది. దాన్ని న్యూజెర్సీ దాకా తీసుకెళ్లి వెనక్కి తేవాలంటే వాతావరణం కలిసొచ్చినా నాలుగు రోజులు పడుతుంది. అందుకని టికెట్ కొనుక్కుని మామూలు విమానంలో వెళ్లి, అక్కడ చిన్న విమానం అద్దెకు తీసుకున్నాను.

నాకు 2015లో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చింది. అప్పటి నుంచి ఐదు రాష్ట్రాల్లో ఇలా అద్దెకు తీసుకుని నడిపాను. అమెరికాలో మనవాళ్లు చాలామంది లైసెన్స్ తెచ్చుకుంటున్నారు. కానీ సొంత ఊరి ఫ్లయింగ్ స్కూలు దాటి బయట అద్దెకు తీసుకోవడానికి వెనకాడుతున్నారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఇక్కడ లైసెన్స్, క్రెడిట్ కార్డు చూపించినంత మాత్రాన విమానం తాళం ఇవ్వరు. ప్రతి స్కూలూ తన ఇన్‌స్ట్రక్టర్‌ను మీ పక్కన కూర్చోబెట్టి, మీరు నడిపే తీరు చూశాకే ఇస్తుంది. దాన్నే చెకౌట్ అంటారు. మీకు వందల గంటల అనుభవం ఉన్నా, పక్క ఊరి స్కూల్లో చెకౌట్ అయినా, కొత్త చోట మళ్లీ మొదటి నుంచే. రెండు గంటలు ఎగరడానికి రెండు గంటల చెకౌట్ అంటే ఎవరికైనా ఉసూరుమంటుంది.

2013లో ఓపెన్‌ఎయిర్‌ప్లేన్ అనే సంస్థ దీనికి మంచి దారి కనిపెట్టింది. యూనివర్సల్ పైలట్ చెకౌట్ అని ఒకే పద్ధతి పెట్టి, అందులో ఒకచోట పాసైతే తమతో చేరిన మిగతా స్కూళ్లలోనూ అదే రకం విమానం అద్దెకు తీసుకునే వీలు కల్పించింది. కొన్నేళ్లు నడిచి అది మూతపడింది. నాకు ఇప్పటికీ బాధే. ఇప్పుడు అంత విస్తారంగా ఏదీ లేదు గానీ, రెండు మూడు ఊళ్లలో బ్రాంచీలున్న స్కూళ్లు కొన్ని, ఒకచోట అయిన చెకౌట్‌ను ఇంకోచోట ఒప్పుకుంటాయి. మీ స్కూలుకు అలాంటి ఏర్పాటు ఉందేమో ముందు అడగండి.

లేకపోతే నేను చేసేదే మీరూ చేయొచ్చు. ఏడాదికోసారి మా ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని ఒక వరస మొత్తం పూర్తిచేస్తాను: స్లో ఫ్లైట్, స్టాల్స్ (వేగం తగ్గి రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి), 45 డిగ్రీల స్టీప్ టర్న్‌లు, ఇంజిన్ ఆగిపోయినట్టు ఊహించుకుని దింపడం, పొట్టి రన్‌వే ల్యాండింగ్, పక్కగాలి ల్యాండింగ్, గో అరౌండ్ (దిగబోతూ మానేసి మళ్లీ పైకి లేవడం). దీన్ని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ వాళ్ల వింగ్స్ అనే శిక్షణ కార్యక్రమం కింద చేస్తాను. అందులో ఒక దశ పూర్తయితే 24 నెలలకోసారి తప్పనిసరైన ఫ్లైట్ రివ్యూకీ అదే సరిపోతుంది. ఏ విమానంలో, ఏ రోజున, ఏమేం చేశానో ఒక పేజీలో రాయించి సంతకం పెట్టించుకుంటాను. కొత్త స్కూలుకు ఫోన్ చేశాక ఆ పేజీ, లాగ్‌బుక్‌లో చివరి రెండు పేజీలు, లైసెన్స్, మెడికల్ సర్టిఫికెట్ స్కాన్ చేసి పంపిస్తాను. ఆ కాగితానికి చట్టబద్ధమైన విలువేమీ లేదు. అయినా నన్ను ఎప్పుడూ చూడని చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌కు నేను ఎలాంటి మనిషినో దాన్నిబట్టి తెలుస్తుంది. న్యూజెర్సీలో రెండు గంటలు అనుకున్న చెకౌట్ గంటా పది నిమిషాల్లో ముగిసింది. నేను ఎలా నడుపుతానో అక్కడి ఇన్‌స్ట్రక్టర్‌కు ముందే కొంత తెలిసింది కాబట్టి ఆ సమయమంతా ఆ విమానం గురించి, ఆ చోటు గురించి నేర్పడానికి వాడాడు.

కనీసం మూడు వారాల ముందు ఫోన్ చేయండి. ఇన్‌స్ట్రక్టర్లకు శని, ఆదివారాలు ఖాళీ ఉండదు. అద్దెలో పెట్రోలు కలిసిందా లేదా అడగండి. కలిస్తే వెట్, కలవకపోతే డ్రై అంటారు. గంటలు హాబ్స్ మీటరు మీద లెక్కేస్తారా, ట్యాక్ మీద లెక్కేస్తారా అనేది కూడా అడగాలి. హాబ్స్ ఇంజిన్ తిరిగినంతసేపూ గడియారంలా నడుస్తుంది. ట్యాక్ ఇంజిన్ వేగాన్నిబట్టి నడుస్తుంది కాబట్టి నేల మీద నెమ్మదిగా టాక్సీ చేసేటప్పుడు తక్కువ పడుతుంది. రద్దీ విమానాశ్రయంలో ఈ తేడా చిన్నదేం కాదు. రాత్రంతా ఉంచుకుంటే రోజుకు కనీసం ఇన్ని గంటల అద్దె కట్టాలనే షరతు ఉందేమో కనుక్కోండి.

అన్నిటికంటే ముఖ్యంగా, విమానం ఏ సంవత్సరం మోడలో అడిగి, ఆ మోడల్ హ్యాండ్‌బుక్ కాపీ తెప్పించుకోండి. "172 అయితే నాకు తెలిసిందే" అనుకోవద్దు. నేను మెకిన్నీలో నడిపేది 172 ఎస్: 180 హార్స్‌పవర్, ఫ్యూయల్ ఇంజెక్షన్, మీటర్ల బదులు డిజిటల్ తెరలు. న్యూజెర్సీలో దొరికింది 1979 నాటి 172 ఎన్: 160 హార్స్‌పవర్, కార్బ్యురేటర్, గుండ్రటి మీటర్లు.

కార్బ్యురేటర్ ఉన్న ఇంజిన్‌కు కార్బ్ హీట్ అనే నాబ్ ఉంటుంది, దాన్ని లాగితే కార్బ్యురేటర్‌కు వేడిగాలి అందుతుంది. నా 172 ఎస్‌లో అది లేనే లేదు, అందుకే చేతికి అలవాటు లేదు. దిగేముందు పవర్ తగ్గించేటప్పుడు దాన్ని లాగకపోతే కార్బ్యురేటర్ లోపల మంచు కట్టి ఇంజిన్ నీరసించిపోవచ్చు. ఇది చలికాలపు సమస్య అనుకోకండి. గాలిలో తేమ ఎక్కువుంటే 25 డిగ్రీల ఎండలోనూ మంచు కడుతుంది, న్యూజెర్సీ వేసవి అలాంటిదే. ప్రయాణానికి వారం ముందు నుంచి రోజూ ఇంట్లో కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని "కార్బ్ హీట్, పవర్, ఫ్లాప్స్" అనుకుంటూ ఆ చోటికి చెయ్యి చాపడం సాధన చేశాను. స్టార్ట్ చేయడానికి చేత్తో పంపు చేసే ప్రైమర్ కూడా ఉంది. వాడాక దాన్ని లోపలికి నొక్కి లాక్ చేయకపోతే ఇంజిన్ కొట్టుకుంటూ నడుస్తుంది.

ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) సంగతి అక్కడి ఇన్‌స్ట్రక్టర్ నేర్పాడు. నా విమానంలో ఫ్లాప్స్ 30 డిగ్రీల వరకే దిగుతాయి, 172 ఎన్‌లో 40 వరకు. రెండో ల్యాండింగ్‌లో పూర్తిగా 40 దించించి, రన్‌వే దగ్గరపడ్డాక "గో అరౌండ్" అన్నాడు. ఫుల్ పవర్ ఇచ్చినా విమానం పైకి లేవడానికి మొరాయించింది. వెంటనే 20కి తగ్గిస్తే గానీ ఎక్కలేదు. హ్యాండ్‌బుక్‌లో చదివిందే, కానీ సీట్లో కూర్చుని అనుభవిస్తే వేరు. పక్కన ఆయన లేకుండా, వెనక సీట్లో అమ్మ ఉండగా అది మొదటిసారి తెలిసి ఉంటే ఏమయ్యేదో!

ఇంకా పాతవాటిలో మరో చిక్కుంది. అరిజోనాలో ఒకసారి 1974 నాటి 172 ఎం తీసుకున్నాను. దాని వేగం మీటరు నాట్స్‌లో (గంటకు నాటికల్ మైళ్లు) కాక గంటకు మామూలు మైళ్లలో ఉంది. 60 మైళ్లంటే 52 నాట్సే. అలవాటుగా 60 దగ్గర ముల్లు పెట్టి దిగితే అనుకున్నదానికంటే ఎనిమిది నాట్స్ తక్కువలో ఉంటారు. మీటరు ఏ కొలతలో ఉందో స్టార్ట్ చేయకముందే పైకి చదవండి.

చోటు సంగతి కూడా ఇంతే. మెకిన్నీలో 7,000 అడుగుల రన్‌వే, కంట్రోల్ టవర్ ఉన్నాయి. న్యూజెర్సీలో మేము ఎగిరిన చోట 3,500 అడుగులే, టవర్ లేదు, ఎవరి కబురు వాళ్లే రేడియోలో చెప్పుకోవాలి. కొలరాడోలో డెన్వర్ పక్కన సెంటెనియల్‌లో నేలే 5,885 అడుగుల ఎత్తున ఉంది. 30 డిగ్రీల ఎండ కాస్తే విమానానికి అది దాదాపు 9,000 అడుగుల ఎత్తులాగే ఉంటుంది. మన సముద్రతీరపు అలవాటుతో మిక్స్చర్ నాబ్ (గాలిలో పెట్రోలు పాలు మార్చేది) పూర్తిగా తోసేసి టేకాఫ్ చేస్తే ఇంజిన్‌కు ఉన్న కాస్త బలం కూడా రాదు. అందుకే ఒకచోటి చెకౌట్ ఇంకోచోట చెల్లినా సరే, కొత్త చోట ఒక గంట స్థానిక ఇన్‌స్ట్రక్టర్‌కు డబ్బులిచ్చి ఎగరండి. మీ నైపుణ్యం మీతో వస్తుంది, ఆ ఊరి గాలి గురించి అక్కడివాళ్లే చెప్పాలి.

హడ్సన్ నది మీద ఎగరడానికి ప్రత్యేక నియమాలున్నాయి. 2009 ఆగస్టు 8న అక్కడ ఒక చిన్న విమానం, టూరిస్టు హెలికాప్టర్ ఢీకొని తొమ్మిది మంది చనిపోయాక ఇప్పటి పద్ధతి వచ్చింది. 1,300 అడుగులకు లోపే ఉంటూ, 140 నాట్స్ మించకుండా, లైట్లు వేసుకుని, ఉత్తరానికి వెళ్లేవాళ్లు తూర్పు ఒడ్డు వెంట, దక్షిణానికి వెళ్లేవాళ్లు పడమటి ఒడ్డు వెంట సాగాలి. 123.05 రేడియో ఫ్రీక్వెన్సీలో ఆల్పైన్ టవర్, జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జ్, ఇంట్రెపిడ్ ఓడ, విగ్రహం, వెరజానో బ్రిడ్జ్ లాంటి గుర్తుల దగ్గర ఎక్కడున్నామో చెప్పుకుంటూ పోవాలి. న్యూయార్క్ టెర్మినల్ చార్టు (పైలట్ల మ్యాపు) దగ్గరుండాలి. దీని మీద ఎఫ్ఏఏ ఉచిత ఆన్‌లైన్ కోర్సు ఉంది. నేను రెండుసార్లు చేసి, ఆ మార్గాన్ని చెకౌట్‌లోనే ఇన్‌స్ట్రక్టర్‌తో ఒకసారి తిరిగాను. బయల్దేరే ముందు ఆంక్షల నోటీసులు తప్పక చూడండి. అధ్యక్షుడు ఆ చుట్టుపక్కలకు వచ్చినా, పెద్ద స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్నా ఆకాశం మూసేస్తారు.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది పొరబడతారు. స్కూలుకు ఇన్సూరెన్స్ ఉందంటే అది స్కూలును కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. విమానం దెబ్బతింటే వాళ్ల కంపెనీ స్కూలుకు డబ్బు కట్టి, ఆ డబ్బు కోసం మీ మీదికి రావచ్చు. అద్దెకు తీసుకునేవాళ్ల కోసం విడిగా పాలసీ దొరుకుతుంది. అందులో రెండు భాగాలుంటాయి: ఇతరులకు జరిగే నష్టం ఒకటి, మీరు నడిపే విమానానికి జరిగే నష్టం రెండోది. రెండోది చాలామంది తీసుకోరు, లేదా ఐదు వేల డాలర్లకు తీసుకుని ఊరుకుంటారు. 90 వేల డాలర్ల విమానానికి ఐదు వేలు ఏ మూలకు? స్కూలు ఒప్పందంలో డిడక్టబుల్ (నష్టంలో మీరే భరించాల్సిన మొత్తం) ఎంతో, మరమ్మతు రోజుల్లో పోయిన అద్దె కూడా మీరే కట్టాలని ఉందో లేదో చదివాకే సంతకం పెట్టండి.

ఫోటోలు తీయండి. మూడేళ్ల కిందట వేరే రాష్ట్రంలో ఒక స్కూలు, చక్రం మీది కవరు పగులు నావల్లే వచ్చిందని 600 డాలర్లు కట్టించుకుంది. అది ముందే ఉందని నాకు తెలుసు, కానీ చూపించడానికి ఫోటో లేదు. అప్పటి నుంచి ప్రీఫ్లైట్ (ఎగిరేముందు తనిఖీ) చేస్తూనే విమానం చుట్టూ వీడియో తీస్తున్నాను: రెక్కల చివరలు, ప్రొపెల్లర్ అంచు, టైర్లు, తోక కింద భాగం. తిరిగి అప్పగించేటప్పుడు మరోసారి. మెయింటెనెన్స్ లాగ్ కూడా అడిగి చూడండి. వార్షిక తనిఖీ 12 నెలల లోపు, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు విమానం జాడ తెలిపే పరికరం) తనిఖీ 24 నెలల లోపు జరిగి ఉండాలి. చూపించడానికి విసుక్కునే చోట నేను విమానం తీసుకోను.

బరువు లెక్క ముందురోజే వేయండి. నేను 58 కిలోలు, నాన్న 82, అమ్మ 68, బావ 88. మొత్తం 296 కిలోలు, అంటే 653 పౌండ్లు. ఆ విమానం మోయగలిగింది పెట్రోలుతో కలిపి 842 పౌండ్లు. మిగిలిన 189 పౌండ్లకు, గ్యాలన్‌కు ఆరు చొప్పున 31 గ్యాలన్లు. ట్యాంకులు నిండితే వాడకానికి 40 గ్యాలన్లు ఉంటాయి, అంటే నింపకూడదు. ఇక్కడే మెలిక: చాలా స్కూళ్లు ప్రతి ఫ్లైట్ తర్వాత ట్యాంకులు నిండా పోసేస్తాయి. ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి "30 దాటి పోయొద్దు" అని చెప్పాను. పొద్దున్నే నిచ్చెనెక్కి పుల్లతో కొలుచుకున్నాను. కింద నిలబడ్డ నాన్న, "సరిపోతుందా తల్లీ?" అని అడిగారు. గంటకు ఎనిమిది గ్యాలన్లు, మన తిరుగుడు గంటన్నర, పగలు చట్టం అడిగే మిగులు అరగంట, మనకు అంతకు మించే ఉందని లెక్క చెప్పాను. పుల్ల తీసుకుని ఆయన కూడా చూశారు.

బావ డబ్బులన్నీ తానే ఇస్తానన్నాడు. ప్రైవేట్ పైలట్‌కు అది కుదరదు. అద్దె, పెట్రోలు, ఆయిల్, విమానాశ్రయం ఫీజుల్లో పైలట్ తన వాటా తప్పకుండా పెట్టుకోవాలి. నలుగురం కాబట్టి పావువంతు నాది. ఇన్‌స్ట్రక్టర్ ఫీజు ఈ పంపకంలోకి రాదు కాబట్టి అది నేనే కట్టాను. మనుషుల్ని ఎక్కించుకోవాలంటే 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉండాలి. చెకౌట్‌లో మీరే చేసినవి ఆ లెక్కలోకి వస్తాయి.

ఇండియాలో లైసెన్స్ తెచ్చుకుని అమెరికాకు చుట్టపుచూపుగా వచ్చేవాళ్లకూ దారి ఉంది. మీ డీజీసీఏ లైసెన్స్ ఆధారంగా ఎఫ్ఏఏ ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ ఇస్తుంది. ముందు వాళ్లు డీజీసీఏ నుంచి ధ్రువీకరణ తెప్పించుకోవాలి కాబట్టి, ప్రయాణానికి కనీసం మూడు నెలల ముందే దరఖాస్తు పెట్టండి. సర్టిఫికెట్ వచ్చాక ఫ్లైట్ రివ్యూ కూడా పూర్తిచేసుకోవాలి, ఎగిరేటప్పుడు రెండు లైసెన్సులూ దగ్గరుండాలి. రివ్యూను, స్కూలు చెకౌట్‌ను ఒకేసారి చేయించుకోవచ్చు, ముందే అడగండి.

మేము తొమ్మిదిన్నరకు లేచాం. విగ్రహం దగ్గర నాన్న ఏమీ మాట్లాడలేదు, కిటికీకి నుదురు ఆనించి చూస్తూ ఉండిపోయారు. దిగాక హాబ్స్ లెక్క 1.6 గంటలు తేలింది. తాళ్లు కట్టి, కంట్రోల్ లాక్ పెట్టి, మాస్టర్ స్విచ్ ఆపానా లేదా అని వెనక్కి వెళ్లి మళ్లీ చూసి తాళం ఇచ్చేశాను. అక్క కోసం అదే విమానాన్ని ఆదివారానికి కూడా రాయించుకున్నాను. ఈసారి 35 గ్యాలన్లు పోయొచ్చని చెప్పి వచ్చాను.