గోథిక్ కథలో మృత్యువు ప్రతీకలను ఎలా చదవాలి?

భయం, మృత్యువు, రహస్యం చుట్టూ అల్లిన కథలను గోథిక్ కథలు అంటారు. అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో రాసిన అలాంటి కథ ‘ద మాస్క్ ఆఫ్ ద రెడ్ డెత్’ 1842 మే నెలలో అమెరికాలోని గ్రాహమ్స్ మ్యాగజైన్‌లో వెలువడింది. కొద్ది పేజీలే. ప్రతీకలను పట్టుకోవడం నేర్చుకునేవారికి నేను మొదట చెప్పే కథ ఇదే. దేశమంతా ఎర్ర మృత్యువు అనే, ఒంటి నుంచి నెత్తురు కారి చంపే మహమ్మారి. ప్రాస్పెరో అనే రాజు వెయ్యిమంది మిత్రులతో కోటలాంటి మఠంలో తలదాచుకుంటాడు. కొలిమిలు, సుత్తులు తెప్పించి ఇనుప తలుపుల గడియలను అతికించేస్తారు. ఐదారు నెలల తర్వాత లోపల మారువేషాల విందు జరుగుతుంది.

1. మొదటిసారి కథ కోసమే చదవండి. ఒళ్లు జలదరించిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, చాలు.

2. రెండోసారి, రచయిత ఆగి మరీ వర్ణించినవాటిని గుర్తించండి. ప్రాస్పెరో ముఖం ఎలా ఉంటుందో పో చెప్పడు. ఏడు గదుల రంగులు మాత్రం వరుసగా చెబుతాడు: నీలం, ఊదా, ఆకుపచ్చ, నారింజ, తెలుపు, వయొలెట్, నలుపు.

3. క్రమం ఎక్కడ తప్పిందో చూడండి. ఆరు గదుల్లో కిటికీ అద్దాలది కూడా గది రంగే. నల్లగదిలో మాత్రం అద్దాలు నెత్తుటి ఎరుపు. గదుల వరుస తూర్పున మొదలై పడమర ముగుస్తుంది కాబట్టి, పుట్టుక నుంచి మరణం దాకా సాగే ప్రయాణమని చాలామంది విమర్శకులు అంటారు. ఒప్పుకోవచ్చు. కానీ నీలం బాల్యం, ఆకుపచ్చ యౌవనం అంటూ పట్టిక వేయకండి, కథలో దానికి ఆధారం లేదు. అంతకంటే విలువైన వివరం ఇంకొకటుంది. ప్రతి ఇరవై ముప్పై గజాలకూ ఒక మలుపు ఉంటుంది. ఒక గదిలో నిలబడితే తర్వాతి గది కనిపించదు.

4. కథలో ప్రత్యేకంగా కనిపించే వస్తువు మనుషుల చేత ఏం చేయిస్తుందో గమనించండి. నల్లగదిలో నల్లచేవ కర్రతో చేసిన గడియారం ఉంది. అది గంట కొట్టగానే వాద్యాలు ఆగిపోతాయి, నాట్యం ఆగిపోతుంది, పెద్దవాళ్లు నుదుటిపై చెయ్యి రాసుకుంటారు. మోత అణగగానే అందరూ నవ్వుకుంటారు, ఈసారి ఇలా కంగారుపడం అని ఒకరికొకరు మాట ఇచ్చుకుంటారు. గంట తిరిగేసరికి మళ్లీ అదే వణుకు! తలుపులు బిగించుకున్నవాళ్లు మృత్యువును మరిచిపోలేదని పో ఎక్కడా విడిగా చెప్పడు. వాళ్లు ఇలా ఆగిపోవడంలోనే చూపిస్తాడు.

5. రచయిత జీవితాన్ని తాళంచెవిగా వాడకండి. 1842 జనవరిలో పాడుతుండగా పో భార్య వర్జీనియా నోటి నుంచి రక్తం పడింది, ఆమెది క్షయ. కథలోని రక్తానికి ఇది నేపథ్యం కావచ్చు, అర్థం మాత్రం కథలోనే వెతకాలి.

6. మీ వ్యాఖ్యానాన్ని ముగింపుతో పరీక్షించండి. అర్ధరాత్రి శవవస్త్రాలతో ఒక ఆకారం వస్తుంది. ప్రాస్పెరో బాకు దూసి ఆరు గదులు దాటి తరుముతాడు, నల్లగదిలో కూలిపోతాడు. జనం ఆ ఆకారాన్ని పట్టుకుంటే ముసుగులో ఎవరూ ఉండరు. ఒక్కొక్కరే నేలకొరుగుతారు, చివరివాడితో పాటు గడియారమూ ఆగిపోతుంది. ‘గడియారం కాలానికి ప్రతీక’ అని రాసినవారు ఇక్కడ చిక్కుకుపోతారు. మనుషులు పోతే కాలం ఆగదు కదా! అది వాళ్లకు మిగిలిన ఆయువును లెక్కపెట్టింది అనుకుంటేనే ప్రతి గంటకూ వాళ్లు ఎందుకు వణికారో, చివరికి అది ఎందుకు ఆగిందో రెండూ పొసగుతాయి.