ఆ నిమిషం దగ్గర ఆగి వినండి

మాది హనుమకొండ, నయీంనగర్. సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కర్ణాటక సంగీతం నేర్చుకోలేదు, వినడమే తెలుసు. పొద్దున లేస్తూనే మా బాపు రేడియోలో విజయవాడ కేంద్రం భక్తిరంజని పెట్టేవాడు. గరగర మధ్యలోనే వినేవాళ్లం. ఆ అలవాటు నన్ను వదల్లేదు.

నాలుగేళ్లుగా మేం తొమ్మిది మందిమి రోజూ విన్నది వాట్సాప్‌లో ఒకరికొకరం చెప్పుకుంటున్నాం. కాజీపేటలో రైల్వే నౌకరీ చేసి దిగిపోయిన అన్న, కరీంనగర్‌లో నర్సుగా చేసే చెల్లె, జగిత్యాలలో డిగ్రీ చదివే పిల్లవాడు, హంటర్ రోడ్డులో వీణ నేర్పే అక్క, ఇంకా కొందరు. మొదటి ఆరు నెలలకే ఇది ఆగిపోయేది. ఎందుకంటే అందరం లింకులు పంపాం, ఎవరమూ వినలేదు. పొద్దున లేచేసరికి పన్నెండు లింకులు ఉంటే ఎవరు మాత్రం ఏం వింటారు? తర్వాత పద్ధతి మార్చుకున్నాం. మీ స్నేహితులతో ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే ఆ పద్ధతే చెబుతాను.

ఒక మనిషి రోజుకు ఒక్కటే పంపాలి. అదీ తాను మొదటినుంచి చివరిదాకా విన్నాకే. రెండున్నర గంటల కచేరీ వింటే అందులోంచి ఒక్క కృతి, అంటే ఒక్క పాట తీసి, అది ఏ నిమిషంలో మొదలవుతుందో రాయాలి. నేను భద్రకాళి బండ్ మీద నడుస్తూ వింటాను, ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకుంటాను. కృతి, రాగం, తాళం, వాగ్గేయకారుడు (పాట రాసి రాగం కట్టినవారు), పాడినవారు, పక్కవాద్యాలు. వయొలిన్, మృదంగం వాయించినవాళ్ల పేర్లు తప్పకుండా రాయండి. పాట సగం వాళ్లదే.

అన్నిటికంటే ముఖ్యమైనది, మీ మనసు ఎక్కడ ఆగిందో ఆ చోటు చెప్పడం. "అద్భుతం, తప్పక వినండి" అని రాస్తే ఎవరూ వినరు. ఒకరోజు నేను పంపింది ఇది: "నిధి చాల సుఖమా. కల్యాణి, మిశ్రచాపు, త్యాగరాజస్వామి. తొమ్మిదో నిమిషంలో 'మమత బంధనయుత నరస్తుతి సుఖమా' దగ్గర నెరవల్ మొదలవుతుంది. మూడోసారి 'సుఖమా' అన్నప్పుడు గొంతు బాగా తగ్గించారు, వయొలిన్ కూడా ఆగింది. అక్కడ వినండి." నెరవల్ అంటే ఒకే పంక్తిని రకరకాలుగా మార్చి మార్చి పాడడం. తంజావూరు రాజు కానుకలను కాదన్నప్పుడు స్వామి పాడిన కృతి అంటారని, నరస్తుతి అంటే మనుషులను పొగడడమని కింద రెండు ముక్కలు రాశాను. నైట్ డ్యూటీ దిగి బస్సులో వెళ్తూ మా చెల్లె ఆ ఒక్క చోటు విన్నది. "పాడినట్టు లేదక్కా, మనల్ని కూర్చోబెట్టి అడిగినట్టుంది" అని రాసింది. సాయంత్రానికి మొత్తం కృతి రెండుసార్లు విన్నదట. చోటు చెప్తే మనిషి అక్కడికి వస్తాడు, వచ్చాక మిగతాది తనే వింటాడు. త్యాగరాజు, రామదాసు మన భాషలోనే రాశారు కాబట్టి ఒక మాట అర్థం చెప్పడం మనకు తేలిక కూడా. ఆ అవకాశం వదులుకోకండి.

రాగం పేరు రాసేటప్పుడు తొందరపడకూడదు. ఒకసారి ఒక వయొలిన్ ఆలాపన రెండు నిమిషాలు విని మోహనం అని రాసేశాను. వీణ అక్క ఫోన్ చేసింది. "పైకి వెళ్లడం ఒక్కటే విన్నావమ్మా, కిందికి దిగేదాకా ఆగు" అన్నది. నిజమే, అది బిలహరి. ఎక్కేటప్పుడు రెండూ స రి గ ప ద స. దిగేటప్పుడు బిలహరిలో ఏడు స్వరాలూ వస్తాయి, మోహనంలో ఆ ఐదే. ఆ రోజే త్యాగరాజస్వామి "కనుగొంటిని శ్రీరాముని" పెట్టుకుని నాలుగుసార్లు విన్నాను, ని, మ వచ్చే చోట్లు గుర్తుపట్టేదాకా. వీడియో మీద రాసిన రాగం పేరును కూడా గుడ్డిగా నమ్మకండి. అనుమానం ఉంటే "మోహనంలా వినిపించింది" అని రాయండి, తెలిసినవాళ్లు చెబుతారు. తప్పు తెలిశాక పాత మెసేజ్ తీసేయకుండా దాని కిందే సరిదిద్దండి. దాన్ని చూసి ఇంకొకరు నేర్చుకుంటారు.

కొత్తగా వినేవాళ్లుంటే జంటగా పంపితే మంచిది. శంకరాభరణంలో ఒకటి, కల్యాణిలో ఒకటి, ఒకే రోజు. ఆ రెంటికీ తేడా ఒక్క మధ్యమమే, అంటే మ స్వరమే. పేర్లు చెప్పకుండా పంపి "ఏదో ఒక స్వరం మారింది, ఎక్కడో చూడు" అంటే చాలు. జగిత్యాల పిల్లవాడు పదకొండో రోజు పట్టుకున్నాడు. ఆ రోజు వాడు పంపిన వాయిస్ మెసేజ్ నేను ఇంకా దాచుకున్నాను. ఒకే కృతిని ఇద్దరు పాడినవి కూడా పక్కపక్కన పంపవచ్చు. "నగుమోము" ఇప్పుడు ఎక్కువమంది చతుశ్రుతి ధైవతంతో, అంటే కాస్త పై ద స్వరంతో పాడతారు. శుద్ధ ధైవతంతో, అంటే కింది ద తో పాడే పాత పద్ధతి కూడా ఉంది. రెండూ వింటే ఒక్క స్వరం ఆ ప్రార్థన రంగునే మార్చేస్తుందని తెలుస్తుంది.

రాయడం ఇబ్బందైతే ఆ పాట ముక్కను గొంతుతో కూనిరాగం తీసి పంపండి, శ్రుతి కలవకపోయినా ఫరవాలేదు. ఎవరి కచేరీ అయినా ఫోన్లో రికార్డు చేస్తే వాళ్లను అడగకుండా పంపవద్దు. గురువు పాఠం చెప్పిన రికార్డులు అసలే వద్దు.

జవాబు ఇచ్చేవాళ్లకు మా దగ్గర ఒక్కటే కట్టుబాటు. బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేయకూడదు, ఒక్క వాక్యమైనా రాయాలి. నచ్చకపోతే ఏ చోట నచ్చలేదో చెప్పాలి. ఈ విద్వాంసురాలు గొప్పా ఆమె గొప్పా అన్న వాదం మొదలైతే ఆ పూటకు మాట ఆపేసి ఇద్దరివీ వింటాం. కొన్నాళ్లు ఎవరైనా పంపకపోతే అడగం. మా కాజీపేట వదిన పోయినప్పుడు అన్న మూడు నెలలు ఏమీ పంపలేదు. తర్వాత ఒక రాత్రి రామదాసు "పలుకే బంగారమాయెనా" వచ్చింది, ఆనందభైరవి అని తప్ప ఏమీ రాయలేదు. ఆ ఒక్కరోజు చోటు చెప్పమని ఎవరమూ అడగలేదు.

నెలాఖరు ఆదివారం కుదిరినవాళ్లం ఒక ఇంట్లో కూర్చుంటాం. ఒక్క స్పీకరు, ఒక్క కృతి. అది అయ్యేదాకా మాటలు లేవు, తర్వాతే చాయ్, సకినాలు. ఈసారి కాజీపేట అన్న వంతు. కాంభోజిలో "ఓ రంగశాయి" తెస్తానన్నాడు. "భూలోక వైకుంఠము" దగ్గర నెరవల్ చాలా నెమ్మదిగా మొదలవుతుందట, వెనక తంబూరా కూడా వినబడాలని ఫ్యాన్ ఆపేయమని నాకు ముందే చెప్పాడు.