హంస గుడ్డుకి కోడిగుడ్డు లెక్కలు పనికిరావు

పర్లాకిమిడిలో మా ఇంటి వెనక దొడ్లో ఇప్పుడు ఏడు హంసలున్నాయి. హంస అంటే పాలూ నీళ్లూ వేరుచేసే హంస కాదు లెండి, ముక్కు మీద బుడిపె ఉండి, గేటు దగ్గర కొత్త మనిషి కనిపిస్తే వీధి చివరిదాకా వినపడేలా అరిచే పెద్ద బాతు. పక్కింటి ఒడియా మావుసి వీటిని రాజొహంసొ అంటుంది. మొదటి జత ఆవిడ దగ్గరే తెచ్చుకున్నాం కాబట్టి మా ఇంట్లో కూడా హంస అనే పేరే ఉండిపోయింది. మొదటి ఏడాది తొమ్మిది గుడ్లు పెడితే ఒక్క పిల్ల బతికింది. కోళ్లు పెంచిన ఇల్లే కదా, గుడ్డు గుడ్డే కదా అనుకోవడం మా తప్పు. కోడిగుడ్డు 50 గ్రాములుంటే ఇది 140, 150 ఉంటుంది, 21 రోజులకి కాదు 30 రోజులకి పిల్లవుతుంది, పైగా దీనికి నీళ్లు కావాలి.

ముందు జత సంగతి. సంతలో జత అని చెప్పి రెండు మగవాటిని అంటగట్టడం మామూలే, ఎందుకంటే ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. బుడిపె పెద్దగా, మెడ పొడుగ్గా ఉండేది మగది అంటారు గానీ, లేత వయసులో దాన్ని నమ్మలేం. నేను గొంతు వింటాను. మగదాని అరుపు సన్నగా, కీచుగా ఉంటుంది, ఆడదాని గొంతు బొంగురుగా, లోతుగా ఉంటుంది. కాసేపు బెదిరించి వింటే తేడా తెలిసిపోతుంది, అమ్మేవాడు విసుక్కున్నా సరే. ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి చాలు. ఏడాది వయసులో గుడ్లు మొదలవుతాయి కానీ చిన్నవిగా ఉంటాయి, వాటిలో పిల్ల పడనివే ఎక్కువ. రెండో ఏడాది, మూడో ఏడాది గుడ్లే పొదగడానికి మంచివి. ఇంకోటి, ఇవి మనుషుల కన్నా పట్టింపు గలవి, ఒకసారి జత కట్టాక విడదీస్తే నెలల తరబడి కొత్తదాన్ని దగ్గరికి రానివ్వవు. అందుకని గుడ్ల కాలానికి కనీసం ఒక నెల ముందే ఎవరితో ఎవర్ని ఉంచాలో తేల్చేసి, ఇక కదపకండి. మా దొడ్లో కార్తీకంలో మొదలుపెట్టి శివరాత్రి దాటే వరకు, రోజు విడిచి రోజు లెక్కన పెడతాయి, మధ్యలో ఆపి మళ్లీ మొదలెట్టడం కూడా ఉంది.

జత కట్టడం ఎక్కువగా నీళ్లలోనే. మహేంద్రతనయ నదికి రోజూ ఎవరు తోలుకెళ్తారు? మేం పశువుల కుడితి తొట్టి ఒకటి భూమిలో సగం పాతాం, అడుగున్నర లోతు, రెండు హంసలు దిగేంత వెడల్పు. రోజూ నీళ్లు మార్చాలి, లేకపోతే రెండో రోజుకే అది మురిక్కాలువ అయిపోతుంది. తొట్టి పెట్టిన ఏడాది నుంచే పిల్ల పడిన గుడ్లు ఎక్కువయ్యాయి.

గుడ్డు పెట్టగానే తీసేయండి, ఒక్కటి మాత్రం గుర్తు పెట్టి గూట్లో వదలండి, లేకపోతే అది చోటు మార్చి కంచె కింద ఎక్కడో పెడుతుంది. పెన్సిల్‌తో తేదీ రాయండి. కడగకండి. పెంకు మీద సన్నటి పొర ఉంటుంది, కడిగితే అది పోయి లోపలికి సూక్ష్మజీవులు దారి చూసుకుంటాయి. మట్టి అంటితే పొడి గుడ్డతో తుడిస్తే చాలు. దాచడానికి ఫ్రిజ్ వద్దు, మరీ చల్లన. 15 డిగ్రీల దగ్గర ఉంటే బాగుంటుంది, మన ఇళ్లలో అంత చల్లన ఎక్కడిది, అందుకే మా అమ్మ పాత కుండని తడి ఇసకలో కూర్చోబెట్టి, లోపల గడ్డి పరిచి అందులో పెడుతుంది. రోజుకొకసారి పక్క మార్చాలి. వారం దాటనివ్వకండి, పది రోజులైతే నేనైతే ఆమ్లెట్ వేసేస్తాను.

పొదగడం ఎవరు చెయ్యాలి? తల్లి కూర్చుంటే దానికే వదిలెయ్యండి, పది గుడ్ల దాకా సర్దుకుంటుంది. కానీ ఈ బుడిపె రకం అన్నీ పొదుగుకి కూర్చోవు. అప్పుడు పొదుగుకొచ్చిన నాటుకోడి కావాలి. కోడి కింద నాలుగైదు గుడ్లకి మించి పెట్టొద్దు. అంత బరువు గుడ్డుని కోడి ముక్కుతో తిప్పలేదు, కాబట్టి అది మేతకి లేచినప్పుడు మనమే తిప్పాలి, రోజుకి మూడుసార్లు. కూర్చోబెట్టే ముందే దాని ఒంటి మీద పేలు చూసుకోండి, నెల రోజులు పేలతో ఏ కోడీ కూర్చోదు.

ఇంక్యుబేటర్, అంటే కరెంటుతో గుడ్లు పొదిగే పెట్టె అయితే, ఫ్యాన్ ఉన్నదానికి 37.5 డిగ్రీలు. ఫ్యాన్ లేని థర్మాకోల్ పెట్టెకి గుడ్డు పైభాగం ఎత్తులో థర్మామీటర్ పెట్టి 38.3 చూసుకోవాలి, కింద పెడితే తప్పు చూపిస్తుంది. తేమ 50 నుంచి 55 శాతం. గుడ్లు అడ్డంగా పడుకోబెట్టి, ఒక వైపు ఇంటూ, ఒక వైపు సున్నా రాసి, రోజుకి మూడుసార్లో ఐదుసార్లో తిప్పండి. బేసి సంఖ్య ఎందుకంటే, రాత్రంతా కదలకుండా ఉండే వైపు రోజూ మారాలి. కోడిగుడ్ల తిరిగే ట్రేలో ఇవి పట్టవు, బలవంతంగా కుక్కి ఒకటి పగలగొట్టుకున్నాను.

అసలు విషయం ఇక్కడుంది. తల్లి హంస పొదుగు మీంచి లేచి, నీళ్లలో మునిగి, తడిసిన రెక్కలతో వచ్చి కూర్చుంటుంది. అంటే గుడ్డు రోజుకోసారి చల్లారి తడుస్తుంది. మనమూ అదే చెయ్యాలి. ఎనిమిదో రోజు నుంచి రోజూ మూత తీసి, పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, గోరువెచ్చని నీళ్లు స్ప్రే కొట్టి మళ్లీ మూసెయ్యడం. గుడ్డు చల్లబడితే చచ్చిపోతుందేమో అని మొదటేడాది నేను మూత ముట్టుకోలేదు, పెట్టెలో ఉన్న ఎనిమిది గుడ్లలో సగానికి పైగా పిల్ల పూర్తిగా తయారై లోపలే పోయింది. కోడి కింద పెట్టినా నీళ్లు చిలకరించడం మానొద్దు.

పదో రోజు రాత్రి దీపాలార్పి ఫోన్ టార్చి మొద్దువైపు ఆనించి చూడండి. సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో కదిలే చుక్క ఉంటే బతికున్నట్టు. అద్దంలా ఖాళీగా కనపడితే తీసెయ్యండి. మురిగిన గుడ్డు పెట్టెలో పగిలిందంటే ఆ వాసనకి మీరే ఇల్లు వదిలిపోతారు. వంటింటి డిజిటల్ త్రాసు ఉంటే ఇంకా మేలు. మొదటి రోజు 150 గ్రాములున్న గుడ్డు 28వ రోజుకి 130 దగ్గరికి రావాలి. అంత తగ్గకపోతే తేమ ఎక్కువైనట్టు, పెట్టెలో నీటి గిన్నె చిన్నది చెయ్యండి. మరీ తగ్గితే పెద్దది పెట్టండి.

కరెంటు గురించి కూడా. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా పెట్టెలో ఉన్నవి నాటుకోడి గుడ్లు, రోజుల తరబడి కరెంటు లేక అన్నీ పోయాయి. కోడి కింద ఉన్నవి మాత్రం పిల్లలయ్యాయి. గంటా రెండు గంటలైతే మూత తియ్యకుండా దుప్పటి కప్పితే చాలు, అంతకు మించితే వేణ్నీళ్ల సీసాలు పెట్టాలి. అప్పటి నుంచి పొదుగు కోడి ఒకటి చేతిలో లేకుండా పెట్టె ఆన్ చెయ్యడం లేదు.

28వ రోజు తిప్పడం ఆపేసి, తేమ 75 దాటించి, మూత వెయ్యాలి. ఇక చేతులు కట్టుకోవాలి, అదే కష్టం. రెండో ఏడాది ఒక గుడ్డు రాత్రి తొమ్మిదింటికి చిట్లింది, బఠాణీ గింజంత బొక్క, లోంచి ముక్కు కొన కనిపిస్తోంది, పిల్ల సన్నగా కూస్తోంది. తెల్లారేదాకా అదే బొక్క, అంగుళం కూడా పెరగలేదు. అమ్మ "వదిలెయ్ రా, దానికి తెలుసు" అంటూనే ఉంది. నేను ఊరుకోలేక పెంకు కొంచెం ఒలిచాను, లోపలి తెల్ల పొర మీద ఎర్రగా రక్తం గీతలా పాకింది. పచ్చసొన ఇంకా కడుపులోకి పోలేదు. మధ్యాహ్నానికి పోయింది. దాని పక్కనే అదే రాత్రి చిట్లిన ఇంకో గుడ్డులోంచి పిల్ల మూడో రోజు ఉదయం తనంత తానే తన్నుకుని బయటికొచ్చింది, అంటే ముప్పై ఆరు గంటలు. మొదటి బొక్క నుంచి ఒకటిన్నర, రెండు రోజులు పట్టడం మామూలే.

పిల్ల బయటికొచ్చాక తడి ఆరేదాకా పెట్టెలోనే ఉండనివ్వండి. తర్వాత గంపలో గోనె పరిచి, బల్బు వేడిలో, మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీలు, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ. పేపరు పరిస్తే కాళ్లు జారి రెండు పక్కలకీ వెళ్లిపోతాయి, మళ్లీ సరి కావడం కష్టం. నీళ్ల గిన్నె ముక్కు మునిగేంత లోతుండాలి, పిల్ల మునిగేంత కాదు. పెట్టెలో పుట్టిన పిల్లకి తల్లి రెక్కల నూనె అంటదు, తడిస్తే వణికి చస్తుంది, ఈకలు వచ్చేదాకా ఈత వద్దు. మేత కోడిపిల్లలకి వేసే స్టార్టర్ దాణా, కాస్త చోడిపిండి (రాగిపిండి), రెండో రోజు నుంచే సన్నగా తరిగిన గరిక, తోటకూర. కోడిపిల్లల కన్నా వీటికి నయాసిన్ అనే బి విటమిన్ ఎక్కువ కావాలి, తక్కువైతే కాళ్లు వంకర పోతాయి, అందుకని మేం తాగే నీళ్లలో బి కాంప్లెక్స్ సిరప్ కలుపుతాం.

మూడు వారాల తర్వాత స్టార్టర్ తగ్గించి గడ్డి మీదికి వదిలెయ్యండి. బాగా పెరగాలని దాణా దట్టిస్తే రెక్క చివర బయటికి తిరిగిపోతుంది. తొలిరోజుల్లో గమనిస్తే రెక్కని మడిచి గుడ్డ పట్టీతో మూడు నాలుగు రోజులు కట్టి ఉంచితే సర్దుకుంటుంది. మా వాటిలో ఒకదానికి అలా కట్టాను, రెండో రోజు ఉదయం చూస్తే తక్కినవన్నీ కలిసి ఆ పట్టీ పీకి తినేశాయి, మళ్లీ కట్టాల్సొచ్చింది.