భుజం జారిన ఆటగాణ్ణి మైదానం దాటించే ముందు

లాగి సరిచేస్తానని ఎవరైనా ముందుకొస్తే ఆపండి. ఎముక కూడా విరిగిందేమో ఎక్స్‌రే తీస్తేగానీ తెలియదు.

మణికట్టు దగ్గర నాడి చూడండి. వేళ్లు చల్లబడ్డాయా, పాలిపోయాయా? భుజం బయటివైపు వేలితో తాకి, స్పర్శ తెలుస్తోందా అని అడగండి. మొద్దుబారితే నరం దెబ్బతిని ఉండొచ్చు. కట్టు కట్టాక ఇవన్నీ మళ్లీ చూడాలి; చాలామంది మరిచిపోయేది ఇదే.

చేయి ఏ భంగిమలో ఉంటే అలాగే ఆనించి కట్టండి.

వాపు రాకముందే ఉంగరం, వాచీ తీసేయండి.

ఐస్ గుడ్డలో చుట్టి 15-20 నిమిషాలు.

మంచినీళ్లు కూడా వద్దు, ఆసుపత్రిలో మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

జారింది మోకాలి కీలైతే, దానంతటదే కుదురుకున్నా సరే, వెంటనే ఆసుపత్రికి: వెనక ఉన్న ధమని దెబ్బతిని ఉండొచ్చు. (చిప్ప జారడం వేరే సంగతి.)